మోకుకు ఒక మూర ఊపిరి

పదిహేడో తెప్ప మోకుకాపు గరికిన పెంటయ్య స్వయంగా రాసిన రోజువారీ

మొదటి రోజు. బహుళ నవమి.

పంతొమ్మిదేళ్ళ కింద నా పేరు పక్కన "మనిషి తప్పు" అని రాశారు. ఆ రాత ఇంతవరకు కొట్టెయ్యలేదు. ముందు ఆ సంగతి రాస్తాను, తర్వాతే మిగతావి.

ఆ రోజు తుఫాను. మోకులు లాగే యంత్రం, అదే మా మేస్త్రి, నాలుగు మూలలా మోకులు లాగబోయింది. లాగితే తెగుతాయని నా అరికాలికి తెలుసు. చక్రానికి కర్ర అడ్డం పెట్టి, చేత్తో మూడు మూరలు వదిలాను. అటు పక్క తెప్పవీ ఇటు పక్క తెప్పవీ మోకులు తెగాయి, మావి తెగలేదు. మర్నాడు ఆఫీసువారు వచ్చి చూశారు. మేస్త్రి చెప్పింది ఒకటి, మనిషి చేసింది ఇంకొకటి, కాబట్టి మనిషి తప్పు అని రాసుకున్నారు. మరి తెగిన తెప్పలకు ఏం రాశారని అడిగాను. "ప్రకృతి" అని రాశారట.

ఆ ఫారంలో రెండే గళ్ళు. మనిషి తప్పు, ప్రకృతి. మేస్త్రి తప్పుకు గడి లేదు. అప్పటినుంచి ఏడుగురు అధికారులను అడిగాను. కుర్చీలు మారాయి, కుర్చీల మీద తువ్వాళ్ళు మారాయి, ఫారం మారలేదు. ఇప్పుడు నా పేరు మీద నలభై ఒక్క తప్పులు ఉన్నాయి. ఊళ్ళో అన్నిటికంటే పెద్ద అంకె నాదే.

గట్టు మీది పెద్ద ఆఫీసువాళ్ళు కూడా ఇది చదువుతారని కొత్త అధికారి విశారదమ్మ గారు అన్నారు. గట్టు మీద ఉండేవాళ్ళకు నీళ్ళ సంగతి తెలియదు కనుక చెబుతున్నాను. మా ఊరు సముద్రం మీద ఉంది. నలభై తెప్పలు, ఒక్కొక్క తెప్ప మీద ఎనిమిదో తొమ్మిదో ఇళ్ళు, తెప్పకూ తెప్పకూ మధ్య పలక వంతెన. ప్రతి తెప్పకు నాలుగు మూలలా నాలుగు మోకులు, వాటి చివర లంగర్లు. పోటుకు నీళ్ళు లేస్తే మోకు వదలాలి, పాటుకు దిగితే లాగాలి. వదలకపోతే తెప్ప మునుగుతుంది, లాగకపోతే పక్క తెప్పను పొడుస్తుంది. ఈ పని మా చేతులు చేసేవి. ఇరవయ్యేళ్ళ నుంచి యంత్రం చేస్తోంది. కాగితాల్లో దాని పేరు పెద్దది, నోరు తిరగదు. మేము మేస్త్రి అంటాం.

మేస్త్రికి చక్రాలున్నాయి గానీ అరికాలు లేదు. అందుకని పోటుకూ పాటుకూ ముందు మోకుకాపు వెళ్ళి, మోకు మీద కాలు వేసి నొక్కి, ఇన్ని మూరల సడలు, అంటే వదులు, ఉందని మేస్త్రికి వినబడే గొట్టంలో చెప్పాలి. అప్పుడు అది చక్రం తిప్పుతుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. పెంటయ్య కాలు చెప్పిందంటే కొలబద్ద చెప్పినట్టే అని ఊరంతా అంటారు. నేను కూడా అంటాను.

మొదట్లో మేస్త్రికి మా మాట అర్థమయ్యేది కాదు, పుస్తకాల తెలుగు చెబితేనే వినేది. మేమంతా "ఈశాన్య మూల యందు అయిదు మూరలు గలదు" అనడం నేర్చుకున్నాం. అది ఇళ్ళలోకి కూడా వచ్చింది. మా తోడల్లుడు భోజనం దగ్గర "కూర యందు ఉప్పు లేదు" అని నాలుగు రోజులు పస్తున్నాడు. ఈ లోపల మేస్త్రి మమ్మల్ని వింటూ వింటూ మా మాట పట్టేసింది. ఇప్పుడు మేము ఆఫీసు మనుషుల్లాగా, అది వలలు లాగేవాడిలాగా మాట్లాడుకుంటున్నాం.

ఈ ఏడాది ఆఖరుతో మోకుకాపు ఉద్యోగం తీసేస్తారట. అంతలోపల ఎవరి పని వాళ్ళు రోజూ రాసిస్తే మేస్త్రి నేర్చుకుంటుందని అమ్మగారు కాగితాలు పంచారు. నేను చదివింది రెండో తరగతి. రోజుకు ఒక కాగితం చాలన్నారు. మొదటి రోజే రెండు అయ్యాయి.

రెండో రోజు. దశమి.

మా తెప్ప ఆగ్నేయ మూలకు కొలతకన్ను బిగించారు. నిమ్మకాయంత గాజు బుడ్డి. మోకు ఎంత సడలి ఉందో అదే చూసి అదే చెబుతుందట. ఊళ్ళో అన్నిటికంటే ముందు మా తెప్పకే ఎందుకని అడిగాను. ఇక్కడే తప్పులు ఎక్కువ కదా అన్నాడు బిగించేవాడు.

ఆ మూలకు నేను వెళ్ళనక్కరలేదు కనుక కూర్చుని వక్క నమిలాను. బాగానే ఉంది.

సాయంత్రం పోటుకు ఆ మూల నాలుగు వేళ్ళు దిగి ఉంది. అక్కడే కాసులమ్మ అట్ల అంగడి. వరసకు మరదలు, నోరు పెద్దది, చెయ్యి మంచిది. చుట్టుపక్కల ఆరు తెప్పలవాళ్ళు పలకలు దాటి ఆమె పెనం దగ్గరికే వస్తారు. ఈ రోజు పిండి పోస్తే ఒక పక్కకు జారి అట్టు చంద్రవంకలాగా వచ్చిందట. నా వైపు గరిటె చూపించింది. నేను మూల ముట్టుకోలేదు అన్నాను. ముట్టుకోనందుకే ఇలా ఉంది అన్నది.

మూడో రోజు. ఏకాదశి.

ఈశాన్య మూలకు రెండో కన్ను. ఇప్పుడు తూర్పు పక్క అంతా దిగింది.

పద్దెనిమిదో తెప్పకూ మాకూ మధ్య బట్టలు ఆరేసే తాడు ఒకటి ఉంది. వాళ్ళ తెప్ప పోటుతో లేచింది, మాది లేవలేదు. తాడు తెగి రెండు ఇళ్ళ బట్టలు నీళ్ళలో పడ్డాయి. ఒక లుంగీ ఇరవయ్యో తెప్ప దాకా వెళ్ళింది. ఆ లుంగీ ఎవరిదని వాళ్ళు పట్టుకుని ఎత్తి చూపిస్తే ఎవరూ ఒప్పుకోలేదు. నాదే.

ఆఫీసువాళ్ళు వచ్చారు. కన్ను తప్పు చూడదు, మేస్త్రి తప్పు లాగదు, మరి ఎవరు ముట్టుకున్నారని అడిగారు. ఎవరూ ముట్టుకోలేదన్నాను. రెండు మూలలకు రెండు తప్పులు రాశారు. నలభై రెండు, నలభై మూడు.

నాలుగో రోజు. ద్వాదశి.

మూడో కన్ను, నలభై నాలుగో తప్పు. ఇంకా ఉత్తరం కూడా వచ్చింది. పడవ మీద గట్టు నుంచి వచ్చింది.

కూడబలుక్కుని చదివాను. పదిహేడో తెప్ప మీద మనిషి తప్పులు మితిమీరాయి, ఊరి వరసకు ప్రమాదం. అమావాస్య పోటుకు కూడా తెప్ప నిలకడగా లేకపోతే దీన్ని వరస నుంచి విప్పి బయటి వరసలో కట్టాలి. అదీ సంగతి.

బయటి వరస అంటే అలలు నేరుగా కొట్టే చోటు. అక్కడ పలక వంతెనలు ఉండవు, దేనికైనా పడవే. మా తొమ్మిది ఇళ్ళ పిల్లలు బడికి పడవలో పోవాలి. కాసులమ్మ అంగడికి ఎవరూ రారు. రెండు అట్ల కోసం పడవ ఎవడు కడతాడు.

ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. పెనం కింద చెక్కముక్క పెట్టి వాలు సరిచేసుకుంది. ఎప్పుడూ లేనిది, నెమ్మదిగా అడిగింది.

"నిజం సెప్పు బావా. కళ్ళు పెట్టారన్న కసితో నువ్వేమైనా సేత్తున్నావా?"

కాసులమ్మే నన్ను అడిగిందంటే ఇంక ఊరు ఏమనుకుంటోందో తెలిసింది. లేదని చెప్పి వచ్చేశాను. అన్నం తినలేదు.

అయిదో రోజు. త్రయోదశి.

నాలుగో కన్ను, నలభై అయిదో తప్పు. తెప్పను నాలుగు పక్కలా కిందకు పట్టి ఉంచినట్టుంది. పోటు దాటేదాకా వాకిళ్ళలో చీలమండ లోతు నీళ్ళు. అమావాస్య పోటు దీనికంటే పెద్దది.

నిన్న తిననందుకు ఆకలి మండిపోతోంది. అంగడికి వెళ్ళి మూడు అట్లు అన్నాను. నాలుగు వేసింది.

"మూడన్నాను కదా," అన్నాను.

"నువ్వు ఏనాడు ఉన్నది ఉన్నట్టు సెప్పావు బావా? రెండంటావు, మూడు తింటావు. మూడన్నావంటే నాలుగుకి ఆకలేసిందనేగా."

నేను మొహమాటానికి ఒకటి తగ్గించి అడుగుతాను. ఆమెకు అది తెలిసి ఒకటి కలిపి వేస్తుంది. ఇన్నేళ్ళలో ఇద్దరమూ ఈ మాట అనుకున్నది లేదు. నాలుగో అట్టు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను.

ఎందుకో రాస్తాను. ఇది రాయడం నాకు ఇష్టం లేదు.

మోకును పూర్తిగా బిగించకూడదు. ఒక మూర సడలు వదలాలి. దాన్ని ఊపిరి అంటాం. ఊపిరి లేని మోకు అల వస్తే తెగుతుంది, లేదా తెప్పను ముంచుతుంది. వెనకటి ఇంజనీర్లకు ఇది చెప్పినా ఎక్కేది కాదు. అయిదు మూరల సడలు ఉందంటే అయిదూ లాగెయ్యమనేవారు. అందుకని మేము నాలుగు అని చెప్పేవాళ్ళం. నాలుగు లాగమనేవారు, ఒకటి మిగిలేది. ఊరు నిలిచింది అలాగే. మేస్త్రి వచ్చాక కూడా నా నోటికి అదే అలవాటు. అయిదుంటే నాలుగే అన్నాను. ఒక్క పోటుకైనా నిజం చెప్పలేదు.

కాసులమ్మకు తెలిసింది మేస్త్రికి తెలియదా? నేను నాలుగంటే అయిదని అది ఎప్పుడో కనిపెట్టి ఉంటుంది. ఒకటి కలుపుకుని, ఊపిరి ఒక మూర తనే ఉంచి, మిగతాది లాగుతోంది. ఇప్పుడు కన్ను అయిదును అయిదే అంటోంది. మేస్త్రి ఆరు అనుకుంటోంది. ఒకటి ఉంచానని అనుకుని అయిదూ లాగేస్తోంది. మోకుకు ఊపిరి లేదు.

కన్ను తప్పు చెప్పడం లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళు తప్పు చెప్పింది నేను.

ఆరో రోజు. చతుర్దశి.

పొద్దున్నే పలకలు దాటి ఆఫీసు తెప్పకు వెళ్ళాను. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగాను. ఈ సంగతి చెబితే నా కాలికి ఉన్న పేరు పోతుంది. చెప్పకపోతే తొమ్మిది ఇళ్ళు పోతాయి. రెండోసారి తిరిగినప్పుడు మా తెప్ప కనబడింది, పక్క తెప్పల కంటే జానెడు కిందుగా. ఇంక తిరగలేదు.

విశారదమ్మ గారిది నా కూతురి వయసు. గట్టు మీద పుట్టిన మనిషి, ఇప్పటికీ చెప్పులు చేత్తో పట్టుకుని పలక దాటుతుంది. నిలబడే చెప్పాను.

"అమ్మగారూ, తెప్ప మునుగుతోంది నా వల్లే."

ఆవిడ కలం తీసింది. మోకు ముట్టుకున్నారా అని అడిగింది.

"ముట్టుకోలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా అబద్ధం చెప్పాను. మోకుకు ఒక మూర చొప్పున."

కలం కింద పెట్టింది. ఊపిరి సంగతీ, అట్ల సంగతీ మొత్తం చెప్పాను. చివరిదాకా విని గొట్టం దగ్గరికి వెళ్ళి, పెంటయ్య గారు చెప్పే కొలతల్లో తేడా ఉందా అని మేస్త్రిని అడిగింది.

"ఆయ్, ఒక మూర తక్కువ సెప్తారండి. శానా నమ్మకమైన మడిసి. ఎప్పుడూ ఒకటే మూర, వేలెడు అటూ ఇటూ అవదండి."

ఆఫీసు గదిలో నన్ను నమ్మకమైన మనిషి అన్నది ఇన్నేళ్ళకు ఇదొక్కటే. అబద్ధం చెప్పినందుకు అన్నది, అయినా సంతోషం వేసింది.

మరి కన్ను చెప్పే దానికి కూడా ఎందుకు కలుపుతున్నావని ఆవిడ అడిగింది. కన్ను ఎవరని మేస్త్రి ఎదురు అడిగింది. పదిహేడో తెప్ప నుంచి పెంటయ్య గారే కదండీ పలుకుతున్నారు అన్నది. పుస్తకం తెరిచి చూస్తే నిజమే. కొలత చెప్పేవారి పేరు అన్న గడిలో మనిషి పేరే రాయాలి, సామాను పేరు రాయడానికి వీల్లేదు. బిగించినవాడు నాలుగు కళ్ళనూ నా పేరు మీదే ఎక్కించాడు.

"ఇన్నేళ్ళూ ఈ తేడా ఎందుకు చెప్పలేదు?" అని ఆవిడ అడిగింది.

మేస్త్రి గొంతు తగ్గించి చెప్పింది. "సెప్తే పెంటయ్య గారి మీద ఇంకో తప్పు రాస్తారు కదండీ."

అమ్మగారు నావైపు చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. మాతో ఉండి ఉండి అది కూడా ఒక మూర దాచుకోవడం నేర్చుకుంది.

తర్వాత ఆవిడ నలభై మంది మోకుకాపులనూ పిలిపించి, ఎవరు ఎంత తగ్గించి చెబుతారని అడిగింది. అందరూ కాళ్ళ వైపు చూసుకున్నారు. నేను నాది చెప్పాక పన్నెండో తెప్ప తిర్రె కొర్లయ్య ముప్పావు మూర అన్నాడు. ఇంకొకడు మామూలుగా మూర, చుట్టాలు దిగి తెప్ప బరువెక్కినప్పుడు మూరన్నర అన్నాడు. ప్రతివాడు చెప్పినదానికీ గొట్టంలోంచి "తెల్సండి" అని వినబడుతోంది. ముప్ఫయ్యో తెప్ప అప్పలకొండ మాత్రం లేచి, తాను పుట్టి బుద్ధెరిగాక ఉన్నది ఉన్నట్టే చెప్పానన్నాడు. "ఆయనది ఎప్పుడూ మూరన్నరండి," అన్నది మేస్త్రి. అప్పలకొండ కూర్చున్నాడు.

పుస్తకంలో పేరు మారేదాకా మేస్త్రికి కన్ను మాటా నా మాటా ఒకటే. పేరు మార్చడానికీ, కళ్ళు ఆపడానికీ గట్టు ఆఫీసు అనుమతి కావాలి. అమ్మగారు నా ముందే అడిగింది. సాయంత్రానికి జవాబు వచ్చింది. విషయం పరిశీలనలో ఉంది, అమావాస్య దాటాక తెలియజేస్తాం.

ఏడో రోజు. అమావాస్య.

పోటు తొమ్మిదిన్నరకు. ఎనిమిదింటికే వాకిళ్ళలో నీళ్ళు. తొమ్మిది ఇళ్ళవాళ్ళు మూటలు నెత్తిన పెట్టుకుని పక్క తెప్పలకు దాటారు. కాసులమ్మ మాత్రం పెనం వదిలి రానంది.

చెప్పులు చేత్తో పట్టుకుని విశారదమ్మ గారు వచ్చింది. అనుమతి వచ్చిందా అన్నాను. రాలేదు అన్నది. మెడలో చున్నీ తీసి ఆగ్నేయ మూల కన్నుకు మూడు చుట్లు చుట్టి ముడి వేసింది.

"కన్ను ఆపడానికే కదా అనుమతి కావాలి. బట్ట కట్టకూడదని ఎక్కడా రాయలేదు."

మిగతా మూడు కళ్ళకు కాసులమ్మ తన దగ్గరున్నవి ఇచ్చింది. ఒకటి తువ్వాలు, ఒకటి మసిగుడ్డ, ఒకటి నా లుంగీ. ఇరవయ్యో తెప్ప నుంచి తెచ్చి దాచిందట.

మోకు మీద కాలు వేశాను. ఇనప కడ్డీలాగా ఉంది. సడలు లేదు, సున్నా. నా పద్ధతి ప్రకారం ఉన్నదానికి ఒకటి తగ్గించాలి. ముప్ఫై ఎనిమిదేళ్ళలో సున్నా నుంచి తగ్గించవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు. గొట్టంలో చెప్పాను.

"సున్నాకు ఒకటి తక్కువ."

నీళ్ళు మోకాలి కింద దాకా వచ్చాయి.

"పెంటయ్య గారేనాండి?"

"నేనే. కాలు మోపి చెబుతున్నాను."

"మీరు సున్నాకి ఒకటి తక్కువన్నారంటే సున్నా అండి. ఊపిరి లేదన్నమాట. కన్ను సున్నా అంటే ఒకటుందనుకున్నానండి, పొరపాటు. వదుల్తున్నా, కాలు తియ్యండి."

చక్రం తిరిగింది. మోకు మూలిగింది. నాలుగు మూలలూ తిరిగి నాలుగుసార్లు అదే చెప్పాను. నాలుగో మూల వదిలేసరికి తెప్ప ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని పైకి లేచింది. వాకిళ్ళలో నీళ్ళు పలకల సందుల్లోంచి కిందకు పోయాయి. అమ్మగారు పడబోయి నా భుజం పట్టుకుంది. నవ్వుతోంది, వాంతి కూడా వస్తోంది పాపం.

కాసులమ్మ పొయ్యి మళ్ళీ వెలిగించి మొదటి అట్టు పోసింది. గుండ్రంగా వచ్చింది. గంగమ్మకని దాన్ని నీళ్ళలో వేసి, రెండోది అమ్మగారికి పెట్టింది. పక్క తెప్పల నుంచి జనం మూటలతోనే అంగడి ముందు కూర్చున్నారు. మధ్యాహ్నానికి పిండి అయిపోయింది.

ఎనిమిదో రోజు. శుద్ధ పాడ్యమి.

గట్టు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. విశారదమ్మ గారు నా చేతికి ఇచ్చి పక్కకు చూసింది. తాను మూడు కారణాలు రాసి పంపిందట. మోకుకాపు తగ్గించి చెప్పాడు, మేస్త్రి తెలిసీ చెప్పలేదు, ఆఫీసు కళ్ళను మనిషి పేరు మీద ఎక్కించింది. ఫారంలో ఒక్కటే పట్టిందట.

మనిషి తప్పు, నలభై ఆరు. తెప్పను బయటి వరసకు పంపే ఆర్డరు రద్దు చెయ్యలేదు, ఆపి ఉంచారట. అంకె ఇంకొకటి పెరిగితే అమలు చేస్తారట.

కాబట్టి ఈ కాగితం ఇక మేస్త్రి నేర్చుకోవడానికి కాదు. గట్టు ఆఫీసువారు చదవడానికి.

నేను తగ్గించి చెప్పాను. ఒప్పుకున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ళ అబద్ధాన్ని నా అంతట నేనే మోసుకొచ్చి మీ బల్ల మీద పెట్టాను. మేస్త్రి కూడా పొరపాటని తన నోటితోనే అన్నది, కాసులమ్మా అమ్మగారూ విన్నారు. ఒప్పుకోనిది మీరొక్కరే. నాకు మీ క్షమాపణ వద్దు. ఆ ఫారంలో ఇంకో రెండు గళ్ళు గియ్యండి. మేస్త్రికి ఒకటి, ఆఫీసుకు ఒకటి. గియ్యడానికి కొలబద్ద లేకపోతే పంపుతాను. నలభై ఆరు తప్పులనూ ముందేసుకుని ఏది ఎవరిదో తిరిగి పంచండి. నావి ఎన్ని తేలితే అన్ని ఉంచుకుంటాను, ఒక్కటి కూడా తగ్గించమనను. మా తెప్ప ఆర్డరు చింపెయ్యండి.

కింద నా సంతకం పెట్టాను. మేస్త్రి తనూ పెడతానంది. దానికి గడి లేదు కనుక నా సంతకం పక్కన దాని నంబరు నేనే వేశాను. అమ్మగారు చూసి ఆఫీసు ముద్ర కొట్టింది.

శుద్ధ పంచమి, సోమవారం. ఆ రోజు లోపల జవాబు కావాలి. పరిశీలనలో ఉంది అని రాస్తే అది జవాబు కింద లెక్కపెట్టను. అక్షరాలు పెద్దవిగా రాయండి. ఆ రోజు పోటు మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వస్తుంది, మీ పడవ దానికి ముందే రావాలి. పోటు మొదలయ్యాక నేను చక్రం దగ్గర ఉంటాను, మీ కాగితం చదవడానికి నాకు ఖాళీ ఉండదు.